గాలికి నోటీసు

కందర్ప జగన్నాథరావుగారు తహసీల్దారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన సర్వీసులో చెప్పుకోదగ్గది ఒక్కటే, ఒక పొలం గట్టు తగాదా. వాది పోయాడు, ప్రతివాది పోయాడు, ఓ తుపానుకి గట్టు కూడా కొట్టుకుపోయింది. విచారణ మాత్రం ఆయన రిటైరయ్యేదాకా చెక్కుచెదరలేదు. ఈ సంగతి ఎవరైనా ఎగతాళిగా ఎత్తితే ఆయన నొచ్చుకునేవారు కాదు. "పని పూర్తిచేసేవాడు వీధికొకడు దొరుకుతాడండీ, నిలబెట్టేవాడు దొరకాలి గానీ" అని తనే ముందు నవ్వేసేవారు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ బలుసుమొగ యాట్ క్లబ్బువాళ్లు రావడంలో వింతేమీ లేదు.

బలుసుమొగ అంటే గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోటు. ఒక ఒడ్డున జాలరిపేట, రెండో ఒడ్డున రొయ్యల చెరువులు. రొయ్యల మీద పైకొచ్చిన పెద్దలకి కొన్నాళ్లు షటిల్ మీద మోజుండేది. మోకాళ్లు పట్టేశాక అది గుర్రాల మీదికి మళ్లింది. ఓ గుర్రం ఒకాయన్ని భుజం మీద కరిచాక తెరచాప పడవల మీదికి వచ్చింది. పడవ కరవదు, పైగా కూర్చునే ఆడొచ్చు. పదకొండు పడవలు కొన్నారు, క్లబ్బు పెట్టారు, నడింపల్లి వెంకటపతిరాజుగారిని ప్రెసిడెంటుని చేశారు. పోటీ పెడతాం, సాయం చెయ్యండని ప్రభుత్వాన్ని అడిగితే నియమావళి తెలుగులో ఉండాలన్నారు. సెక్రటరీ కుడుపూడి ప్రసాదు మూడు రాత్రులు కూర్చుని ఇంగ్లీషు పుస్తకం మొత్తం తెలుగులోకి దింపేశాడు. ఒక పడవవాడు తప్పుచేశాడని ఇంకో పడవవాడు ఫిర్యాదు చెయ్యడాన్ని అందులో 'ప్రొటెస్ట్' అన్నారు. డిక్షనరీలో చూస్తే 'నిరసన' అని ఉంది. అదే వేశాడు.

"తమర్ని నిరసన విచారణ సంఘానికి అధ్యక్షులుగా వేశామండి" అన్నాడు ప్రసాదు, శాలువా కప్పుతూ.

"సంఘంలో మిగతా సభ్యులెవరు?"

"ఎవరూ లేరండి. కోరం ఒకటని రాసుకున్నాం. ఇద్దరైతే అభిప్రాయభేదం వస్తదని."

జగన్నాథరావుగారికి నీళ్లంటే భయం. రేవు దాటాల్సివస్తే పంటు మీద కారులో కళ్లు మూసుకుని కూర్చునేవారు. దాచుకోవడం ఇష్టంలేక ఆ మాటే చెప్పారు. "నాకు పడవల గురించి ఓనమాలు తెలియవయ్యా."

"మాక్కావలసింది అదేనండి. తెలిసినవాళ్లయితే పక్షపాతం ఉంటది."

లోపల్నుంచి కాఫీ తెచ్చిన భార్య ఇందుమతిగారు, "తెలియని విషయంలో తీర్పు చెప్పడం మీకు కొత్తా ఏమిటి, ఒప్పుకోండి" అన్నారు. ఆయన ఒప్పుకున్నారు.

ఆ వారమంతా నియమావళి చదివారు. చదివేకొద్దీ ఆయనకి ఒంట్లో రక్తం పట్టింది. పడవకి తెరచాప ఎందుకో ఇంకా అర్థం కాలేదు గానీ, నిరసన ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో కంఠతా వచ్చేసింది. సంఘటన జరిగిన క్షణంలోనే ఎర్రజెండా ఎగరెయ్యాలి, గట్టిగా 'నిరసన' అని అరవాలి. ఈ రెండూ జరిగితే విచారణ జరిపి తీరాలి. ఇంకోచోట, నిరసనలన్నీ తేలనిదే తుది ఫలితం ప్రకటించరాదని ఉంది. మరోచోట, తుది ఫలితం ప్రకటించిన పిమ్మటనే పోటీ ముగిసినట్లు భావించవలెనని ఉంది. ఇది కాక, పోటీ ముగిసేవరకు మొగలో పోటీ పడవలు తప్ప మరే నావా కదలరాదని పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఉంది. మూడు వాక్యాలూ విడివిడిగా పరమ సాధువులు. ఒకచోట చేరితే ఏమవుతుందో ఎవరికీ తట్టలేదు. ఆయనకి తట్టింది. తట్టి, లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

రెండు నెలల చేపల వేట నిషేధం పోటీకి ముందురోజే ఎత్తేశారు. జాలరిపేటలో నావలకి కొత్త రంగులేసుకుని, మంచు నింపుకుని, డీజిలు పోయించుకుని సిద్ధంగా ఉన్నారు. "ఒక్కరోజు ఆగండర్రా, పోటీ అయిపోతది" అని రాజుగారే స్వయంగా వెళ్లి చెప్పారు. ఒక్కరోజే కదా అని వాళ్లూ ఊరుకున్నారు.

పోటీనాడు ఒడ్డున షామియానా వేశారు. పదకొండు పడవలూ కొంగల్లా బారులు తీరి బయల్దేరాయి. ముందు రెండు పడవలు. ఒకటి రాజుగారి గరుడ, రెండోది డాక్టర్ మాధవీలతగారి జలకన్య. ఆవిడ పళ్ల డాక్టరు. రాజుగారి నోట్లో ఉన్నవాటిలో సగం ఆవిడ చేతి పనే. అయినా నీళ్ల మీద ఎవరి పడవ వాళ్లది. మలుపు దగ్గర తేలుతున్న ఎర్ర పీపా చుట్టూ తిరగాలి. సరిగ్గా ఇద్దరూ అక్కడికి చేరేసరికి, ఆ కాలంలో ఎప్పుడో దారితప్పి గానీ రాని ఈశాన్యపు గాలి ఒక్క విసురు విసిరి పోయింది. రెండు పడవలూ రాసుకున్నాయి. ఇటు అరచేతి మేర రంగు పోయింది, అటు కాస్త తక్కువ పోయింది.

"నిరసన!" అన్నారు రాజుగారు, ఎర్రజెండా ఎత్తి.

"నిరసన!" అన్నారు డాక్టరుగారు, ఇంకో ఎర్రజెండా ఎత్తి.

వెనక వస్తున్న తొమ్మిది పడవలవాళ్లకీ ఏం జరిగిందో తెలియదు. కానీ ముందున్నవాళ్లు ఏదో హక్కు వాడుకుంటున్నారని తెలిసింది. మనం మాత్రం ఎందుకు వదులుకోవాలని అందరూ ఎత్తేశారు. తర్వాత గాలి పూర్తిగా పడిపోయింది. పదకొండు పడవల్నీ పదకొండు ఎర్రజెండాలతో మోటారు బోటు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చింది.

బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు. "ఎర్రజెండాలతో ఊరేగింపుకి పర్మిషన్ తీసుకున్నారాండీ?"

"ఇది ఊరేగింపు కాదండి, నిరసన" అన్నాడు ప్రసాదు.

"అయితే అది ఇంకా తప్పండీ" అన్నాడు కానిస్టేబులు.

జగన్నాథరావుగారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు. సర్వీసులో కూడా ఒక్క పూటలో పదకొండు అర్జీలు ఎరగరు.

మర్నాడు క్లబ్బు హాల్లో విచారణ మొదలైంది. ఏ పడవ ఎక్కడుందో బల్లమీద బొమ్మ పడవలు పెట్టి చూపాలని నియమం. బొమ్మ పడవలు లేవు. క్యాంటీను నుంచి కాజాలు తెప్పించారు. గరుడకి మడతకాజా, జలకన్యకి గొట్టంకాజా, ఎర్ర పీపాకి ఒక జాంగ్రీ.

"నియమం తేటతెల్లంగా ఉంది" అన్నారు జగన్నాథరావుగారు. "గాలి కుడిపక్కనుంచి తగిలే పడవది దారి హక్కు. ఎడమపక్కనుంచి తగిలే పడవ తప్పుకోవాలి. రాజుగారూ, మీకు గాలి ఏ పక్కనుంచి తగిలింది?"

"కుడిపక్కేనండి. ఆయ్. ఈ చెవికి చల్లగా తగిలింది."

"ఆ చెవి ఆయనకి వినపడదండీ" అన్నారు డాక్టరుగారు.

"వినపడకపోతే చలెయ్యదాండీ? మీరు పళ్ల డాక్టరుగారు, చెవుల సంగతి మీకెందుకు?"

"నాక్కూడా గాలి కుడిపక్కనుంచే తగిలింది. రాసుకోండి."

జగన్నాథరావుగారు కాజాల్ని అటూ ఇటూ జరిపి చూశారు. ఆయన లెక్క ప్రకారం, ఒకే గాలి రెండు పడవలకీ కుడిపక్కనుంచే తగలాలంటే అవి ఒకదాని వెనక ఒకటి పోతూ ఉండాలి. అలా పోతే రాసుకోవు. ఈ లోతైన చిక్కులో ఆయన మునిగి ఉండగా రాజుగారు మాటల ధ్యాసలో గరుడని తీసుకుని నోట్లో వేసుకున్నారు.

"ఆధారం తినేశారు!" అని డాక్టరుగారు లేచి, హ్యాండుబ్యాగులోంచి ఎర్ర రుమాలు తీసి ఊపారు. "నిరసన! అయినా ఆ పళ్లతో మడతకాజా తినొద్దని మీకెన్నిసార్లు చెప్పాను?"

నిరసన నీళ్ల మీదే తెలపాలని పుస్తకంలో ఎక్కడా లేదు. జగన్నాథరావుగారు పన్నెండో నిరసన నమోదుచేశారు.

సాయంత్రానికి ఆయనకి దారి దొరికింది. వాంగ్మూలాలు అబద్ధం చెప్పవచ్చు, కాజాలు కడుపులోకి పోవచ్చు, స్థల పరిశీలన ఒక్కటే నిజం చెబుతుంది. ముప్పై ఏళ్ల అనుభవం. ఉభయ పడవలూ ఎర్ర పీపా దగ్గర మళ్లీ అలాగే నిలబడాలి. అప్పటి గాలే మళ్లీ వీయాలి. ఏ పడవకి ఏ పక్క తగిలిందో అందరి ఎదుటా పంచనామా చెయ్యాలి.

"అంటే గాలి రావాలండి" అన్నాడు ప్రసాదు.

"రావాలి. ముఖ్య సాక్షి కదా. నోటీసు ఇవ్వు."

ప్రసాదు పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపు జగన్నాథరావుగారికి అర్థమైంది. ఇక్కడితో ఆపేస్తే బాగుంటుందని ఆయనకే అనిపించింది. కానీ వాక్యం నోట్లో తయారైపోయింది. ఇన్నేళ్లలో తయారైన వాక్యాన్ని ఆయన ఎప్పుడూ మింగలేదు.

'ఈశాన్యపు గాలి అను సాక్షి మొగలో హాజరై, సంఘటన దినమున తాను వీచిన రీతిని యథాతథముగా వీచి చూపవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది.' నోటీసు పార్టీ దొరక్కపోతే తలుపుకి అంటించడం రివాజు. గాలికి తలుపు లేదు కాబట్టి క్లబ్బు కిటికీకి అంటించారు.

ఇక రోజూ పొద్దున్నే ప్రసాదు ఒడ్డున నిలబడి కోర్టు బంట్రోతులా పిలవడం మొదలుపెట్టాడు. "ఈశాన్యపు గాలీ... ఈశాన్యపు గాలీ... ఈశాన్యపు గాలీ..." ఒక రోజు పడమటి గాలి వచ్చింది.

"సార్, ఇది పనికొస్తదాండీ?"

"దానికీ ఈ కేసుకీ సంబంధం ఏమిటి? పంపించెయ్."

పంపించెయ్యడం ప్రసాదు వల్ల కాలేదు గానీ, అది దానంతటదే పోయింది. దక్షిణపు గాలి వచ్చింది, దాన్నీ పట్టించుకోలేదు. విచారణ వాయిదా పడుతూ పోయింది. వాయిదా పడ్డ విచారణ ముగియలేదు, ముగియలేదు కాబట్టి ఫలితం లేదు, ఫలితం లేదు కాబట్టి పోటీ ఇంకా నడుస్తూనే ఉంది. పోటీ నడుస్తోంది కాబట్టి మొగ మూసే ఉంది. కానిస్టేబులు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. నావ కదిలితే డీజిలు రాయితీ కార్డు రద్దని చెప్పారు. జాలరిపేటలో మంచు కరిగిపోయింది. మళ్లీ కొని నింపారు. అదీ కరిగింది.

అప్పుడు వచ్చింది పోతాబత్తుల సత్తెమ్మ. ఆవిడకి సొంత ఇంజను నావ ఉంది, దాన్ని నడిపే కొడుకు సింహాద్రి ఉన్నాడు. చేపల బుట్టతో ఊళ్లు తిరిగిన గొంతు.

"బాబూ, రెండు నెల్లు గవర్నమెంటోరు ఎల్లొద్దన్నారు, ఎల్లలేదు. సేపలు గుడ్లెట్టుకుంటాయన్నారు, సరే అన్నాం. ఇప్పుడు తమరు ఎల్లొద్దంటన్నారు. తమరేం ఎట్టుకుంటన్నారు బాబూ?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జగన్నాథరావుగారికీ నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "నా చేతుల్లో ఏమీ లేదమ్మా. నియమం. బాధ ఉన్నవాళ్లు నిరసన తెలపాలి. ఇదుగో, వినండి. 'పోటీ జలములలో ఉన్న ఏ పడవ అయినను నిరసన తెలుపవచ్చును.'"

'పోటీలో ఉన్న' అని రాయబోయి ప్రసాదు 'పోటీ జలములలో ఉన్న' అని రాశాడు. తెల్లవారుజామున నిద్రమత్తులో జరిగిన పొరపాటు. కానీ అచ్చయింది అచ్చయిందే.

"మా నావ ఆడే కట్టుంది కదా?" అంది సత్తెమ్మ.

"ఉంది."

"ఏటి సెయ్యాల?"

"ఎర్రజెండా ఎగరెయ్యాలి. గట్టిగా 'నిరసన' అని అరవాలి." చెబుతూ ఉంటేనే ఏదో జరగబోతోందని ఆయనకి తెలుస్తూనే ఉంది. అయినా అడిగినవాళ్లకి నియమం చెప్పకపోవడం ఆయన చేతకాదు.

పావుగంటలో సింహాద్రి నావ మీద వెదురు గెడకి ఎర్రచీర ఒకటి రెపరెపలాడింది. సత్తెమ్మ నావ ముందుకొచ్చి నిలబడి "నిరసనా!" అంది. రెండు ఒడ్డుల కొంగలూ లేచిపోయాయి. ఇంతవరకు వచ్చిన పన్నెండు నిరసనల్లోనూ ఇంత లక్షణంగా తెలిపినది లేదని జగన్నాథరావుగారు మెచ్చుకోకుండా ఉండలేకపోయారు.

"ఎవరిమీద నిరసన?" అడిగాడు ప్రసాదు, రాసుకుంటూ.

"మా దారికి అడ్డమొచ్చినోరి మీద."

"అంటే?"

"ఇంకెవరు, ఈ బాబే కదా!" అంది సత్తెమ్మ, అధ్యక్షులవారిని చూపిస్తూ.

ప్రసాదు గతుక్కుమన్నాడు. "సార్, మీమీద వచ్చిన నిరసన మీరే వినకూడదేమోనండి."

"వేరే ఎవరైనా ఉన్నారా సంఘంలో?"

"లేరండి. కోరం ఒకటి."

"అయితే వినాలి. ప్రతివాదికి నోటీసు ఇవ్వు."

ప్రసాదు ఆయనకి నోటీసు ఇచ్చాడు. ఆయన పుచ్చుకుని, ముట్టినట్టు సంతకం చేసి, మూడోసారి పిలిచాక లేచి వెళ్లి ప్రతివాది కుర్చీలో కూర్చున్నారు. కూర్చుంటే అడిగేవాళ్లు లేరు. లేచి అధ్యక్షుల కుర్చీలోకి వచ్చారు.

"మీరు మొగలో నావలకి దారి ఆపారా?"

బల్ల చుట్టూ నడిచి అటు కూర్చున్నారు. "నేను ఆపలేదండి. నియమాలు ఆపాయి."

మళ్లీ ఇటు. "ఆ నియమాల్ని పట్టుకుని వేలాడింది ఎవరు?"

మళ్లీ అటు. "అధ్యక్షులవారండి."

"ప్రతివాది తన తప్పు పైవాళ్ల మీదికి నెడుతున్నాడని రాసుకో, ప్రసాదూ" అన్నారు ఇటొచ్చి, కోపంగానే.

నవ్వాలో వద్దో రాజుగారికి తెలియలేదు. అటూ ఇటూ తిరిగి ఆయాసమొచ్చి, జగన్నాథరావుగారు ప్రతివాది కుర్చీలోనే కాసేపు ఉండిపోయారు. దానికి ఒక కాలు పొట్టి. కదిలితే టకటకమంటుంది, కదలకుండా కూర్చోవాలంటే కాళ్లు బిగబట్టుకోవాలి. అధ్యక్షుల కుర్చీకి ఎదురుగా గోడ ఉంది, గోడమీద పోటీలో గెలిస్తే ఇచ్చే కప్పు ఫోటో. ఈ కుర్చీకి ఎదురుగా కిటికీ ఉంది. కిటికీలోంచి మొగ కనిపిస్తోంది. కొత్త రంగులేసిన నావలు వరసగా కట్టి ఉన్నాయి. ఒక నావలోంచి కరిగిన మంచునీళ్లు డబ్బాతో తోడి పారబోస్తున్నారు. ఇన్నాళ్లూ రోజూ ఈ హాలుకి వస్తూ ఆయన అటు చూడలేదు. సర్వీసులో తను ఈ పక్క కూర్చోబెట్టినవాళ్లందరూ ఏం చూస్తూ కూర్చున్నారో ఏమో అనుకున్నారు. ఆయన మొహం కొద్దిగా వాడింది.

"ప్రతివాది ఏమైనా చెప్పుకుంటాడాండీ?" అని ప్రసాదు మెల్లగా అడిగాడు.

"ఏం లేదు. తప్పు చేశాను."

లేచి అధ్యక్షుల కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పారు. దోషికి పుస్తకంలో ఒకటే శిక్ష ఉంది. తప్పుచేసిన పడవ నీటిమీద అక్కడికక్కడే రెండు పూర్తి చుట్లు తిరగాలి.

"మీరు తిరగడమేంటండీ, బాగోదు" అన్నారు రాజుగారు.

"మీ పడవలు నన్ను మొయ్యవు. సత్తెమ్మా, మీ నావ ఇస్తావా?"

"రండి బాబూ, తిప్పుతాం" అంది సత్తెమ్మ, పరమ సంతోషంగా.

దోషిని మోసే నావ కాబట్టి కానిస్టేబులు అడ్డు చెప్పలేదు. నలుగురు పట్టుకుని ఎక్కించారు. జగన్నాథరావుగారు నావ మధ్య తాడుచుట్ట మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు. సింహాద్రి ఇంజను వేసి చుక్కాని తిప్పాడు. మొదటి చుట్టు సగంలోనే ఆయన పొద్దున తిన్న ఉప్మా మొగలో కలిసింది.

"బాగా వంగండి బాబూ, నావ మీద పడకుండా" అంది సత్తెమ్మ, వీపు మీద చెయ్యేసి నిమురుతూ.

రెండో చుట్టులో మెడమీద చల్లగా ఏదో తగిలింది. కళ్లు తెరిచారు. ఎర్రచీర ఒక్కసారిగా ఉబ్బి పటపటమంది. ఒడ్డున షామియానా ఒక మూల లేచింది.

"సార్!" ప్రసాదు కేక. కాగితాలు రెండు చేతులతో గుండెకి అదుముకుని నీళ్ల అంచున గెంతుతున్నాడు. "సార్, వచ్చిందండి! ఈశాన్యం! సాక్షి వచ్చేసింది!"

రాజుగారు, డాక్టరుగారు తమ పడవల వైపు పరుగెడుతున్నారు. ఎర్ర పీపా గాలికి ఊగుతోంది. పంచనామాకి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. జగన్నాథరావుగారి లోపల తహసీల్దారు లేచి కూర్చున్నాడు. ఉభయులనీ నిలబెట్టొచ్చు, గాలి ఏ చెవికి తగులుతోందో కొలవొచ్చు, ఆ కొలత మీద మళ్లీ అభ్యంతరాలు వస్తాయి, వాటికి వేరే విచారణ...

కట్టి ఉన్న నావల మీద మనుషులు లేచి నిలబడి ఈయన వైపే చూస్తున్నారు.

"ఎవరొచ్చారు?" అని అరిచారు ఆయన.

"గాలండి!"

"వచ్చానని చెప్పిందా?"

ప్రసాదుకి అర్థం కాలేదు. "షామియానా లేచిపోతందండి!"

"అది నేనడగలేదు. పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలువు. పలికితే హాజరు, పలక్కపోతే గైర్హాజరు."

ప్రసాదు పద్ధతి తెలిసినవాడు. గాలికి ఎదురుగా తిరిగి, చొక్కా బెలూనులా ఉబ్బిపోతుండగా, మూడుసార్లు పిలిచాడు. గాలి వాడి నోట్లోంచి పిలుపునే లాక్కుపోయింది గానీ పలకలేదు.

"పలకలేదండి!"

"గైర్హాజరు రాసుకో! సాక్షి రాలేదు, కేసులన్నీ కొట్టేశాను. పోటీ ముగిసింది. మొగ తెరవండి!"

"గెలిచిందెవరండీ?" అని రాజుగారు, డాక్టరుగారు ఒకేసారి అరిచారు. జవాబు చెప్పడానికి జగన్నాథరావుగారు నోరు తెరిచారు గానీ, మళ్లీ వంగవలసి వచ్చింది. ఆలోగా జాలరిపేట ఇంజన్లన్నీ ఒకటొకటిగా స్టార్టయ్యాయి. ఇక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. నావలు తాళ్లు విప్పుకుని, పదకొండు తెరచాప పడవల మధ్యనుంచి, కానిస్టేబులు కుర్చీ పక్కనుంచి, సముద్రం వైపు సాగిపోయాయి.

సింహాద్రి నావ కూడా వాటితోనే తిరిగింది.

"నన్ను దింపవయ్యా!" అన్నారు జగన్నాథరావుగారు, అటు చూసి హడలిపోయి.

"తమర్ని దింపాలంటే ఎనక్కి తిప్పాలండి. ఈలోగా మిగతా నావలు సేపల మీదికి ఎల్లిపోతాయండి. కూకోండి, రేపు పొద్దున్న వచ్చేద్దాం" అన్నాడు సింహాద్రి.

"ఇంటిదగ్గర చెప్పలేదయ్యా!"

"ఒడ్డునున్నోల్లు సెప్తార్లెండి" అంది సత్తెమ్మ, వల సర్దుకుంటూ. ఆవిడకి నవ్వు ఆగడం లేదు. వంద కేసుల్లో తీర్పరి కుర్చీలో కూర్చున్న జగన్నాథరావుగారు తాడుచుట్టని రెండు చేతులా పట్టుకుని, తనని తీసుకుపోవడానికి వీళ్లకి ఏ నియమం కింద అధికారం ఉందా అని ఆలోచించారు. ఏదీ దొరకలేదు. ఎందుకో ఆయనకీ నవ్వొచ్చింది. వెంటనే నావ ఒక్క ఊపు ఊగడంతో సగంలో ఆగింది.

ఒడ్డు వెంబడి ప్రసాదు కాగితం పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. "సార్, సంతకం! ఉత్తర్వు మీద సంతకం లేదండీ! సంతకం లేకపోతే చెల్లదు సార్!"

నావ మొగ దాటింది. మొదటి అల మీదికి లేచి దిగింది. జగన్నాథరావుగారు ఒక చెయ్యి పైకెత్తారు. ప్రసాదు ఆగిపోయి, ఇసకలో చతికిలబడి, ఎగిరిపోతున్న కాగితాన్ని మోకాలి కింద నొక్కిపెట్టి రాశాడు: 'అధ్యక్షులవారు సముద్రమునుండి చేయెత్తి ఆమోదము తెలిపినారు.'

ఆయన చెయ్యెత్తింది సింహాద్రిని మంచినీళ్లు అడగడానికి.